చీలమండ ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే ఎందుకు తీస్తారు?

హాయ్ అండి, చీలమండ విరిగితే ప్లేటు, స్క్రూలు వేస్తారని చాలామందికి తెలుసు, కానీ ఆపరేషన్ నడుస్తుండగానే టేబుల్ పక్కన ఒక మెషీన్ మాటిమాటికీ ఎక్స్‌రే చూపిస్తూ ఉంటుంది, దాన్ని సీ-ఆర్మ్ అంటారు. ఈ వీడియో దాని గురించే.

[స్క్రీన్ మీద చీలమండ బొమ్మ]

ఇదిగో టిబియా, అంటే మోకాలి కింద ఉండే పెద్ద ఎముక, ఇది ఫిబ్యులా, దాని పక్కన బయటి వైపు ఉండే సన్న ఎముక, ఈ రెండిటి కింద టాలస్ అనే పాదం ఎముక బిగుతుగా ఇమిడిపోయి ఉంటుంది. పై రెండు ఎముకల్ని విడిపోకుండా పట్టుకునే లిగమెంట్ల (గట్టి నారల) కట్టుని సిండెస్మోసిస్ అంటారు. తిప్పలంతా దీంతోనే, ఎందుకంటే ఎక్స్‌రేలో లిగమెంట్ కనపడదు! మరి తెగిందో లేదో ఎలా తెలుస్తుంది?

లాగి చూస్తారు. నిజంగానే అండి. ముందు ఎముకకి ప్లేటు వేసేసి, తర్వాత సర్జన్ ఒక హుక్‌తో ఫిబ్యులాని పక్కకి లాగుతారు, లేదంటే పాదాన్ని బయటికి తిప్పుతారు, అదే టైంలో సీ-ఆర్మ్‌లో చూస్తారు, గ్యాప్ పెరిగిందా, కట్టు వదులైపోయినట్టే. మామూలుగా కీలుకి 1 సెంటీమీటర్ పైన ఆ రెండు ఎముకల మధ్య గ్యాప్ 6 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, లోపలి వైపు టాలస్ పక్కన గ్యాప్ 4 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాల్సిందే.

[స్క్రీన్ మీద: 1 మి.మీ.]

మిల్లీమీటర్లకి ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది కదా. 1976లో శవాల చీలమండల మీద చేసిన ఒక స్టడీలో, టాలస్ 1 మిల్లీమీటర్ బయటికి జరిగితే చాలు, కీలులో ఎముకలు ఆనుకునే ఏరియా సగటున 42 శాతం తగ్గిపోయింది! మిగిలిన కొంచెం మీదే బరువంతా పడితే కీలు అరగదా మరి.

కట్టు వదులైతే స్క్రూ వేస్తారు, లేదా సూచర్ బటన్ అని గట్టి దారంతో బిగిస్తారు. ఇక్కడ సీ-ఆర్మ్‌ని పూర్తిగా నమ్మలేం, నా ఉద్దేశంలో చాలామంది చెప్పకుండా వదిలేసేది ఇదే. అది తీసేది ఫ్లాట్ బొమ్మ కాబట్టి ఫిబ్యులా కొంచెం తిరిగిపోయి ఉన్నా, ముందుకో వెనక్కో జరిగినా బొమ్మ బాగున్నట్టే ఉంటుంది. అందుకే కొంతమంది రెండో కాలి చీలమండని కూడా సీ-ఆర్మ్‌లో తీసి పక్కపక్కన పెట్టి పోలుస్తారు, త్రీడీ స్కాన్ మెషీన్ ఉన్న చోట టేబుల్ మీదే ఎముకల్ని అడ్డంగా కోసినట్టు చూపించే బొమ్మలు చూసుకుని తేడా ఉంటే అప్పటికప్పుడే సరిచేస్తారు. అది లేని చోట ఇంకొంచెం కోసి, ఫిబ్యులా దాని గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో కళ్ళతో చూసుకోవడం కూడా మంచి పద్ధతే.