రాత్రిపూట క్రాపీ: ఎర కన్నా ముందు లోతు

అందరికీ నమస్కారం. డాలస్ ఎండల్లో పగలు లేక్ ఒడ్డున నిలబడటమే కష్టం. అందుకే వేసవిలో క్రాపీ అనే మంచినీటి చేప కోసం గాలం పట్టుకెళ్ళేవాళ్ళు చాలామంది పొద్దుగూకాకే బయల్దేరతారు. కొత్తగా వచ్చేవాళ్ళు ముందడిగేది "ఏ ఎర వాడాలండీ?" అని. బతికున్న మిన్నో (ఎరగా వాడే చిన్న చేప) చాలు. అసలు చూసుకోవాల్సింది లోతు.

క్రాపీ చూపు ఎక్కువగా పైకే ఉంటుంది. తనకన్నా పైనున్న ఎర కోసం లేస్తుంది గానీ, కిందికి దిగి తినడం తక్కువ. చేపలు 12 అడుగుల్లో ఉంటే ఎర 10, 11 అడుగుల్లో వేలాడాలి. 14కి దిగిందంటే ఎంతసేపు కూర్చున్నా ఆశ వదులుకోవాల్సిందే. పైగా ఎండాకాలంలో బాగా లోతున నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోతుంది, చేప అక్కడ ఉండదు. కాబట్టి అడుగుకంటా వదలకండి. రెండు మూడు గాలాలు వేర్వేరు లోతుల్లో వేసి, మొదట దేనికి పడితే మిగతావి కూడా ఆ లోతుకే మార్చండి. దీనికి జారే బెండు (నీళ్ళమీద తేలే, లైన్ మీద జరిగే తేలుడు గుర్తు) కొనుక్కోండి. లైన్ మీద చిన్న దారపు ముడి ఉంటుంది, బెండు అక్కడిదాకా జారి ఆగుతుంది. ముడి జరిపితే లోతు మారుతుంది, అంతే.

ఇక లైటు. నీళ్ళలో ముంచే ఆకుపచ్చ ఎల్ఈడీ మంచిది. వెలుగుకి ముందు కంటికి ఆనని జీవులు చేరతాయి, వాటికోసం షాడ్ అనే చేపల పిల్లలు, ఆ పిల్లలకోసం క్రాపీ. ఈ వరస కుదరడానికి అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది. దయచేసి పది నిమిషాలకే చోటు మార్చకండి! పెద్ద చేపలు వెలుగు మధ్యలోకి రాకుండా, చీకటి మొదలయ్యే అంచున తిరుగుతుంటాయి. ఎర అక్కడ పడాలి.

చోటు అంటారా, వంతెన స్తంభాలు, మునిగిన చెట్లు. డాలస్‌కి తూర్పున ఉన్న లేక్ ఫోర్క్‌లో రెండూ ఉన్నాయి.

బెండు మునగడం ఒక్కటే గుర్తు కాదు. నిటారుగా ఉన్న బెండు ఉన్నట్టుండి పక్కకి ఒరిగి నీళ్ళమీద పడుకుంటుంది. చేప ఎర అందుకుని పైకి లేస్తోందన్నమాట. కంగారుపడి గుంజకండి. క్రాపీ మూతి ఉల్లిపొరంత పల్చన, గుంజితే చిరిగిపోతుంది. కర్రని నెమ్మదిగా ఎత్తి, లైన్ వదులు కాకుండా చుట్టుకుంటూ, చేతివలతో తీసుకోండి.

టెక్సస్‌లో 17 ఏళ్ళు నిండినవాళ్ళకి లైసెన్సు కావాలి. మామూలుగా మనిషికి రోజుకి 25 క్రాపీలు, ఒక్కోటి కనీసం 10 అంగుళాలు. కొన్ని లేక్‌లకి వేరే నిబంధనలున్నాయి, వెళ్ళేముందు చూసుకోండి. చీకట్లో కంటి అంచనా నమ్మకుండా కొలబద్ద పెట్టి కొలవండి. చిన్నదైతే తడిచేత్తో పట్టుకుని వెంటనే వదిలేయండి. పడవెక్కితే పిల్లలకే కాదు, మీరూ లైఫ్ జాకెట్ వేసుకోండి. మొదటిసారి వెళ్ళేవాళ్ళయితే స్టేట్ పార్కుకి వెళ్ళండి. అక్కడ ఒడ్డునుంచో, పియర్ (నీళ్ళలోకి కట్టిన వేదిక) మీదనుంచో పట్టుకోవడానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. రాత్రిపూట ఉండనిస్తారో లేదో మాత్రం ముందే ఫోన్ చేసి కనుక్కోండి.