మౌస్ ఎవరి చేతిలో ఉండాలి?

శైలజ: రికార్డ్ అవుతోంది కదా? సరే, అందరికీ నమస్కారం. సాఫ్ట్‌వేర్ నేర్పాలంటే వీడియో మేలా, క్లాసు మేలా, పుస్తకం మేలా అన్నది ఇవాళ్టి విషయం.



 

కిరణ్: సరే. వీడియో చిన్నదై, ఒకే పని మీద ఉంటే బాగా పనికొస్తుంది, ఆపి ఆపి చూసుకోవచ్చు. అదే రెండు గంటల వీడియో అయితే, చూస్తున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది, తీరా ఖాళీ షీట్ ముందు కూర్చుంటే చెయ్యి కదలదు. పుస్తకం, కావలసినప్పుడు తీసి వెతుక్కోవడానికి. ఇక క్లాసంటారా, అది నేర్పేవాళ్ళని బట్టి.

శైలజ: అక్కడే ఆగు. ఎవరికైనా ఏదైనా రాకపోతే పక్కకొచ్చి నిలబడి, "ఇలా ఇవ్వండి" అని మౌస్ తీసుకుని, టకటకా నాలుగు క్లిక్‌లు కొట్టి, "చూశారా, అయిపోయింది" అని వెళ్ళిపోయేవాళ్ళుంటారు చూడు, వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

కిరణ్: నేనూ తీసుకుంటాను. క్లాసులో ముప్పై మంది ఉంటారు, ఒకళ్ళ దగ్గరే నిలబడిపోతే మిగతావాళ్ళు ఫోన్లు తీస్తారు. పైగా కొత్తవాళ్ళని వాళ్ళ కుస్తీకి వదిలెయ్యడం కూడా మంచిది కాదు. 1985లో స్వెల్లర్, కూపర్ అనే పరిశోధకులు ఆల్జీబ్రాతో చేసిన ప్రయోగాలు ఉన్నాయి కదా, సొంతంగా తిప్పలు పడ్డవాళ్ళ కంటే, చేసిపెట్టిన లెక్కలు చూసి నేర్చుకున్నవాళ్ళే తర్వాత అలాంటి లెక్కలు త్వరగా చేశారు.

శైలజ: చూపించొద్దని నేనెప్పుడన్నాను? నీ స్క్రీన్ మీద చూపించు, నెమ్మదిగా, ఎందుకు చేస్తున్నావో పైకి చెబుతూ. ఆ తర్వాత వాళ్ళని చెయ్యనివ్వు. పైగా పని కాస్త చేతికొచ్చాక ఆ చేసిపెట్టినవే అడ్డమవుతాయని కూడా తర్వాతి పరిశోధనల్లో తేలింది. అది చెప్పవేం?

కిరణ్: ఒప్పుకుంటాను. అందుకే నేను డాలర్ గుర్తు...

శైలజ: వచ్చేసింది డాలర్.

కిరణ్: వినండక్కా, ఒక్క నిమిషం. ఎక్సెల్ షీట్‌లో ఎఫ్1 గడిలో పన్ను శాతం ఉంది. సీ2లో బీ2 ఇంటూ ఎఫ్1 అని ఫార్ములా రాసి కిందికి లాగమంటాను. సీ3లో అది బీ3 ఇంటూ ఎఫ్2 అవుతుంది, ఎఫ్2 ఖాళీ, కిందంతా సున్నాలే. "ఇదేంటి?" అని వాళ్ళే అడుగుతారు. అప్పుడు ఫార్ములాలో ఎఫ్1 మీద కర్సర్ పెట్టి ఎఫ్4 కీ నొక్కమంటాను, డాలర్ గుర్తులు పడతాయి, ఇక కిందికి లాగినా ఎఫ్1 మారదు. ముందే "డాలర్ పెట్టండి" అంటే ఎవరికీ గుర్తుండదు.

శైలజ: మరి ఆ సున్నాలు రాగానే నువ్వు మౌస్ లాక్కుంటే? వాళ్ళు ఆ ప్రశ్న అడిగేవాళ్ళేనా?

కిరణ్: ...

శైలజ: నేనన్నదీ అదే. తప్పు దగ్గరే నేర్చుకోవడం మొదలవుతుంది. 1980ల్లో ఐబీఎంలో జాన్ కారల్ అనే పరిశోధకుడూ ఆయనతో పనిచేసేవాళ్ళూ, కొత్తగా వర్డ్ ప్రాసెసర్ నేర్చుకునేవాళ్ళని దగ్గరుండి గమనించారు. మాన్యువల్ మొదటి నుంచీ చదివే ఓపిక ఎవరికీ లేదు, నేరుగా పనిలో దిగిపోయేవాళ్ళే. అందుకని మాన్యువల్ బాగా కుదించి, తప్పు జరిగితే ఎలా తెలుస్తుంది, ఎలా వెనక్కి రావాలి అన్నవి అందులో పెట్టారు. ఇంకో ప్రయోగంలో, కొత్తవాళ్ళు ఇరుక్కుపోయే కమాండ్లు పనిచెయ్యకుండా ఆపేసి ఇచ్చారు. అలా మొదలుపెట్టినవాళ్ళు త్వరగా పనిలో పడ్డారు. మనం మాత్రం మొదటిరోజు, చేసినదాన్ని వెనక్కి తీసుకునే కంట్రోల్ జెడ్ కూడా చెప్పం.

కిరణ్: కంట్రోల్ జెడ్, దాని పక్కనే డాలర్.

శైలజ: కిరణ్, ఒక క్లాసులో నేను వెనకాల కూర్చున్నాను. ముందు వరసలో ఒక పెద్దావిడ, ఫైల్ ఎక్కడ సేవ్ అయిందో వెతుకుతున్నారు. నేర్పే అబ్బాయి వచ్చి మౌస్ తీసుకున్నాడు, మంచివాడే, సాయం చేద్దామనే. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టేసుకున్నారు. క్లాసు అయ్యేదాకా మళ్ళీ మౌస్ ముట్టుకోలేదు. ఆవిడకి తెలివి లేక కాదు, ఇది తన పని కాదనిపించేలా చేశాం మనం.

కిరణ్: ...అవునక్కా. అలాంటివాళ్ళు నోట్‌బుక్‌లో "పైన ఎడమ పక్క మూడోది నొక్కాలి" అని రాసుకుంటారు. ఆఫీస్ 2007లో మెనూలు పోయి, బటన్ల పట్టీ, అదే రిబ్బన్, వచ్చినప్పుడు, అలా రాసుకున్నదంతా వృథా అయిపోయింది.

శైలజ: అదే మరి! వెతుక్కోవడం నేర్పాలి. ఇక నీ ముప్పై మంది సంగతి. పరిశోధకులకి ప్రోగ్రామింగ్ నేర్పే సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ అని 1998 నుంచీ ఉంది కదా, వాళ్ళ క్లాసుల్లో తలా రెండు రంగుల అంటించే కాగితాలు ఇస్తారు. పని అయితే ఒక రంగు, ఇరుక్కుంటే ఇంకోటి, ల్యాప్‌టాప్ మీద అంటిస్తారు. చెయ్యి ఎత్తి అడగడానికి మొహమాటపడేవాళ్ళు కూడా కాగితం అంటిస్తారు. సాయం చేసేవాళ్ళు చూసుకుని వస్తారు, వచ్చి నోటితో చెబుతారు.

కిరణ్: సగం మందికి ఒకేసారి సాయం కావాల్సొస్తే?

శైలజ: నువ్వు చెప్పింది అర్థం కాలేదనేగా! ఆపి, మళ్ళీ చెప్పు.

కిరణ్: పూర్తిగా ఒప్పుకోను. పరీక్ష ముందురోజు ఎవరిదైనా ఫైల్ పాడైతే?

శైలజ: అది నేర్పడం కాదు, రిపేరు. రిపేరుకైతే తీసుకో.

కిరణ్: మరి పట్టికలో వెతికిపెట్టే వీలుకప్ ఫార్ములాలో నాలుగో ఆర్గ్యుమెంట్, అంటే బ్రాకెట్లో ఇచ్చే నాలుగో విలువ, ఇవ్వకపోతే తప్పు జవాబు రావచ్చు, అది రిపేరా, నేర్పడమా? ఆ రేంజ్‌కి కూడా డాలర్ పెట్టాలి, అసలు...

శైలజ: టైమైంది కిరణ్, వచ్చే వారం. ఉంటామండీ.