బొంబాయి పోయిన పాపకు టీకా ఎక్కడ? పిల్లల డాక్టర్‌తో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. అంటురోగాలు, టీకాల మీద మీ సందేహాలకు జవాబు చెప్పడానికి పిల్లల డాక్టర్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ కల్వకుర్తి దగ్గరి ఊరు నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (కల్వకుర్తి): నమస్తే మేడం. మా పాపకు నాలుగేళ్లు. నాలుగు రోజులు జ్వరం, దగ్గు, ముక్కు కారుడు. కళ్లు ఎర్రగా అయినయి. నిన్న పొద్దున చెవుల వెనక దద్దుర్లు మొదలై ముఖమంతా వచ్చినయి. అమ్మవారు పోసిందని మా అత్తమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది. ఇప్పుడు సూదులు, మందులు వద్దంటున్నది.

డాక్టర్: మీరు చెప్పిన వరుస చూస్తే తట్టులాగే ఉందమ్మా. ఆటలమ్మ అయితే నీటి పొక్కులు వస్తాయి. మీ అత్తమ్మగారు వేపమండలు కట్టడాన్ని నేను తప్పు పట్టను. అవి కనబడితే బయటి పిల్లలు లోపలికి రారు, అది మంచిదే. కానీ లోపల ఉన్న పాపకు వైద్యం అందాలి. ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బయలుదేరే ముందు మీ ఆశా అక్కకు ఫోన్ చేయండి, పాపను మిగతా పిల్లల మధ్య లైన్‌లో కూర్చోబెట్టకుండా చూస్తారు. విటమిన్ ఏ ఈ రోజు ఒక డోసు, రేపు ఒక డోసు వేయించాలి. తట్టు కళ్ల మీద దెబ్బ కొడుతుంది, చూపు పోయిన పిల్లలు కూడా ఉన్నారు. ఆ ముప్పును తగ్గించడానికే ఈ మందు.

శ్రోత: తిండి ఏం పెట్టాలె మేడం? పత్యం ఉండాలంటున్నారు.

డాక్టర్: పత్యం వద్దమ్మా. గంజి, పెరుగన్నం, మెత్తటి పప్పన్నం, పాప ఏది తింటే అది కొంచెం కొంచెంగా పెట్టండి. నీళ్లు తాగిస్తూ ఉండండి. ఆయాసపడి డొక్కలు ఎగరేసినా, ఫిట్స్ వచ్చినా, నీళ్లు కూడా తాగలేకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. తట్టులో ప్రాణం తీసేది ఎక్కువగా దద్దుర్లు కాదు, దాని వెనకాల వచ్చే నిమోనియా, విరేచనాలు.

శ్రోత: మా మరిది కొడుకు కూడా ఇదే ఇంట్లో ఉంటడు. రెండేళ్లు. వాడికి ఒక్క సూదే అయ్యింది.

డాక్టర్: తట్టు, రుబెల్లా టీకా రెండుసార్లు వేయించాలి. 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. మొదటి డోసుతో 100 మందిలో దాదాపు 85 మందికే రక్షణ వస్తుంది. మిగిలిన వాళ్లను కాపాడేది రెండో డోసు. తట్టు గాలిలో వ్యాపిస్తుంది. రోగి దగ్గి వెళ్లిపోయాక కూడా ఆ గదిలో రెండు గంటల వరకు వైరస్ ఉండగలదు. పైగా దద్దుర్లు కనబడడానికి నాలుగు రోజుల ముందే అంటుకోవడం మొదలవుతుంది, తర్వాత ఇంకో నాలుగు రోజులు ఉంటుంది. రోగిని కలిసిన 72 గంటల లోపు టీకా పడితే చాలాసార్లు జబ్బు ఆగుతుంది. మీ ఇంట్లో ఆ గడువు దాటిపోయి ఉండొచ్చు. అయినా బాబుకు జ్వరం లేకపోతే రెండో డోసు వేయించండి.

వ్యాఖ్యాత: హాలియా నుంచి ఒకాయన లైన్‌లో ఉన్నారు.

శ్రోత (హాలియా): మేడం, పొలం కాడ కుక్క పిల్ల పిక్క పట్టింది. చిన్నదే, ఇంట్లో తిరిగేదే. రక్తం వచ్చింది. పసరు పోసిన.

డాక్టర్: ఎప్పుడు కరిచింది అన్నా?

శ్రోత: నిన్న సాయంత్రం.

డాక్టర్: ఫోన్ పెట్టగానే పసరంతా పోయేలా సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో 15 నిమిషాలు కడగండి. కట్టు కట్టొద్దు, కారం, సున్నం పెట్టొద్దు. ఈ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. ఈ రోజు రేబిస్ టీకా మొదటి సూది అయితే తర్వాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్, అంటే వెంటనే రక్షణ ఇచ్చే సూది కూడా వేయాలి, మీరే అడగండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మా చేతుల్లో ఏమీ ఉండదన్నా. పిల్ల కుక్క అని వదిలేయొద్దు.

వ్యాఖ్యాత: కోస్గి వైపు నుంచి ఒక పెద్దమ్మ చాలాసేపటి నుంచి లైన్‌లో ఉన్నారు. మాట్లాడండమ్మా.

శ్రోత (కోస్గి): బిడ్డా, మా మనవరాలికి 14 నెలలు. పుట్టినప్పుడు సూది ఏసిండ్రు, మళ్లీ నెలన్నరకు ఒకటి, రెండున్నర నెలలకు ఒకటి. ఆ రెండోదానికి జ్వరమొచ్చి రాత్రంతా ఏడ్చింది. తొడ గట్టిగా వాచింది. మా కోడలు భయపడి మళ్లీ పోలే. ఆ తర్వాత కొడుకు, కోడలు పాపను తీసుకొని బొంబాయి పోయిండ్రు, బిల్డింగ్ పనికి. కార్డు నా దగ్గరే ఉంది. ఇంక అది పనికిరాదు కదా?

డాక్టర్: భలేగా పనికొస్తుంది అవ్వా! ఆ కార్డును జాగ్రత్తగా పెట్టండి. ఆలస్యమైందని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టరు. వేసిన డోసులు వేసినట్టే లెక్క, ఆగిన చోటి నుంచి వేస్తారు. ఇప్పుడు పెంటావాలెంట్ మూడో డోసు పెండింగ్, 9 నెలలకు పడాల్సిన తట్టు టీకా పెండింగ్. రెండూ ఒకే రోజు, వేరువేరు చోట్ల వేయొచ్చు.

శ్రోత: మళ్లీ జ్వరమొస్తే?

డాక్టర్: రావచ్చు అవ్వా. పెంటావాలెంట్ ఒక్క సూదిలో కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి కామెర్లు, నిమోనియా, మెదడువాపు తెచ్చే హిబ్ అనే క్రిమి, ఈ ఐదింటికి రక్షణ ఉంటుంది. అసలు శత్రువు రాకముందే వాటిని గుర్తుపట్టడం ఒంటికి నేర్పిస్తాం. నేర్చుకునేటప్పుడు ఒళ్లు కొంచెం వేడెక్కుతుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. వాచిన చోట రుద్దొద్దు, బామ్ పూయొద్దు. పారాసిటమాల్ ఎంత వేయాలో నర్సమ్మను అడిగి బరువును బట్టి వేయాలి. తట్టు టీకాకు మాత్రం జ్వరం వెంటనే రాదు, వస్తే వారం, పది రోజులకు వస్తుంది. కోడలికి ముందే చెప్పండి, లేకపోతే మళ్లీ టెన్షన్ పడుతుంది. మూడు రోజులకు మించి జ్వరం ఉన్నా, ఫిట్స్ వచ్చినా డాక్టర్‌కు చూపించాలి.

శ్రోత: ఉగాదికి వస్తరు. అప్పుడు ఏయిస్తం.

డాక్టర్: అప్పటిదాకా ఆగొద్దు అవ్వా. పని దగ్గర ఒక్కో షెడ్డులో నాలుగైదు కుటుంబాలు ఉంటాయి. టీకా లేని చోట తట్టు వచ్చిన ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకోగలదు. ఈ టీకాలు ఏ రాష్ట్రంలోనైనా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మన దేశంలో పోలియో ఎట్లా పోయిందో తెలుసా? ఇళ్లకు వెళ్లడంతో ఆగలేదు, బస్టాండ్లలో, రైళ్లలో, ఇటుక బట్టీల దగ్గర వలస పిల్లలను వెతికి చుక్కలు వేశారు. చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో బయటపడింది. 2014లో మనకు పోలియో లేదని ధ్రువీకరణ వచ్చింది. తట్టుకు కూడా మీ మనవరాలి లాంటి పిల్లలను వదలకూడదు.

శ్రోత: కార్డు ఇక్కడుంటే అక్కడ ఎట్ల ఏస్తరు బిడ్డా? నాది బటన్ ఫోన్, ఫోటోలు పోవు.

డాక్టర్: మీ ఊళ్లో ఆశాకు స్మార్ట్ ఫోన్ ఉంటుంది. కార్డు తెరిచి, తేదీలు రాసిన పేజీ వెలుతురులో ఆమెతో ఫోటో తీయించండి. మీ కొడుకు వాట్సాప్‌కు పంపమనండి. పాపను తీసుకుపోయిన రోజు వాళ్లు ఆ ఫోటో చూపిస్తే చాలు.

శ్రోత: ఆమె ఇల్లు మా వెనక గల్లీనే. కార్డు పట్టుకొని పోతున్న.