వాడిన వాచీకి ఎంత ఇవ్వొచ్చు?

శ్రోతలకు నమస్కారం.

ఒకరు వాడి అమ్ముతున్న ఖరీదైన వాచీ మీద మీకు మనసైందనుకుందాం. రోలెక్స్ సబ్‌మరైనరో, ఒమేగా స్పీడ్‌మాస్టరో, ఏదో ఒకటి. నెట్‌లో వెతికితే ఒకే మోడల్‌కి పది రకాల రేట్లు కనిపిస్తాయి. ఒకరు వంద అంటే ఇంకొకరు నూటయాభై అంటారు. ఏది న్యాయమో తేల్చుకోలేక తల పట్టుకుంటాం.

ముందు ఆ రేట్లన్నీ పక్కన పెట్టండి. అవి అమ్మేవాళ్ళు అడుగుతున్న ధరలు. అడగడానికి హద్దేముంది? పైగా సరసమైన ధర పెట్టిన వాచీ త్వరగా అమ్ముడై జాబితాలోంచి పోతుంది. ఎక్కువ చెప్పినవే నెలల తరబడి అక్కడ వేలాడుతుంటాయి. కాబట్టి ఏ రోజు చూసినా మన కంటపడేవి చాలావరకు ఎవరూ ఒప్పుకోని రేట్లే. వాటి సగటు తీసి మార్కెట్ రేటు ఇదేననుకుంటే, బేరం మొదలవకముందే ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడినట్టే.

మనకు కావాల్సింది నిజంగా డబ్బు చేతులు మారిన ధర. ఫిలిప్స్, క్రిస్టీస్, సోథెబీస్ లాంటి వేలం సంస్థలు తమ ఫలితాలను బయటపెడతాయి. అయితే వాళ్ళు ప్రకటించే మొత్తంలో సాధారణంగా కొన్నవాళ్ళు కట్టే కమిషన్ కూడా కలిసి ఉంటుంది. పాట ఆగిన ధర మీద అది దాదాపు పావు వంతు ఉంటుంది. అమ్మినవాళ్ళకు ముట్టేది బాగా తక్కువ. వార్తల్లోకెక్కిన వేలాలను అసలు లెక్కలోకే తీసుకోకండి. 2017లో నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా న్యూయార్క్‌లో కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఆ డబ్బు ఆయన మణికట్టుకు ఇచ్చింది. ఇంకొకరి డేటోనాకు దాంతో ఏ సంబంధమూ లేదు.

పోల్చేటప్పుడు మోడల్ పేరు ఒకటైతే సరిపోదు, రిఫరెన్స్ నంబర్, అంటే ఆ మోడల్‌లో ఒక్కో రకానికి కంపెనీ ఇచ్చే నంబర్, అది కూడా ఒకటే కావాలి. నల్ల డయల్ సబ్‌మరైనర్‌నే చూడండి. 2010 దాకా వచ్చిన 16610లో డయల్ చుట్టూ తిరిగే చక్రం మీది నల్ల బిళ్ళ అల్యూమినియం. తర్వాతి 116610లో అది సెరామిక్. 2020లో వచ్చిన 126610 ఒక మిల్లీమీటర్ పెద్దది, లోపలి యంత్రం కూడా కొత్తది, ఒకసారి పూర్తిగా కీ ఎక్కితే 70 గంటల దాకా నడుస్తుంది. దూరం నుంచి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. ధరలు మాత్రం వేరు.

పోల్చే అమ్మకం ఎప్పటిదన్నదీ ముఖ్యమే. పటేక్ ఫిలిప్ సంస్థ 2021లో స్టీల్ నాటిలస్ 5711ను ఆపేస్తున్నట్టు చెప్పగానే, అప్పటికే షోరూమ్ ధరను మించిపోయిన ఆ వాచీ రేటు ఇంకా ఎగిరింది. ఆ ఊపులో చాలా మోడళ్ళు 2022 తొలి నెలల్లో శిఖరానికి చేరి, ఆ తర్వాత కిందికి జారాయి. ఆనాడు కొన్నవాళ్ళు ఇప్పటికీ అప్పటి రేటే చెప్తుంటారు. పాపం, వాళ్ళు పెట్టింది వాళ్ళకు రావాలి కదా! కానీ వాళ్ళ నష్టాన్ని భర్తీ చేసే బాధ్యత మనది కాదు. నేనైతే ఆర్నెల్లు దాటిన అమ్మకాన్ని లెక్కలోకి తీసుకోను.

ఇంతవరకూ కూర్చున్న చోటు నుంచి కదలకుండా చేసుకునే పని. అసలు పని వాచీ చేతికి వచ్చాక మొదలవుతుంది. ధరను తేల్చేది నా దృష్టిలో ముఖ్యంగా కేసు, అంటే యంత్రాన్ని కప్పి ఉంచే లోహపు గూడు, దాని పరిస్థితి. పెట్టె, కాగితాలు ఆ తర్వాతే.

బెల్టో చైనో వచ్చి అతికే చోట కేసుకు నాలుగు కొమ్ముల్లాంటివి ఉంటాయి, వాటిని లగ్స్ అంటారు. చాలా వాచీల్లో వాటి పైభాగం సన్నటి గీతలతో మసకగా, పక్కభాగం అద్దంలా నున్నగా ఉంటుంది. ఆ రెండూ కలిసే అంచు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు గీత గీసినట్టు పదునుగా ఉంటుంది. గీరలు పోవాలని పాలిష్ చేసిన ప్రతిసారీ కాస్త లోహం అరిగిపోతుంది. నాలుగైదు పాలిష్‌లయ్యాక వాడిన సబ్బు బిళ్ళలా అంచులన్నీ గుండ్రబడతాయి. పోయిన లోహం తిరిగి రాదు. లేజర్ వెల్డింగ్‌తో పూడ్చేవాళ్ళున్నారు గానీ అది ఖరీదైన పని, అసలు కేసుతో సమానమూ కాదు.

అందుకే అమ్మేవాళ్ళు కొత్తదానిలా మెరుస్తోంది చూడండి అంటే సంతోషపడకండి. భూతద్దం తీసి నాలుగు లగ్స్‌నీ ఒకదాని పక్కన ఒకటి చూడండి. ఒకటి లావుగా, ఇంకొకటి సన్నగా ఉందా? వాచీని కాస్త వంచి లైటు కింద తిప్పితే అంచు మీద వెలుగు తిన్నగా జారుతోందా, అలలు అలలుగా వంకర పోతోందా? గీరలున్నా మందంగా ఉన్న కేసుకు నేను ఎక్కువ ఇస్తాను. తళతళలాడుతూ అరిగిపోయినదానికి తగ్గించే ఇస్తాను. గీరలు మనం ఎలాగూ పెట్టేవే కదా.

పాత వాచీలైతే డయల్ దగ్గర ఇంకో పరీక్ష ఉంది. చీకట్లో మెరవడానికి 1960ల తొలినాళ్ళ దాకా రేడియం పూసేవారు. తర్వాత ట్రిటియం వచ్చింది. 1998 ప్రాంతం నుంచి రేడియోధార్మికత లేని పూత వాడుతున్నారు. ట్రిటియం శక్తి దాదాపు 12 ఏళ్ళకోసారి సగమవుతుంది. అంటే 1970ల తొలినాళ్ళ డయల్‌లో ఇప్పటికి మిగిలేది పదహారో వంతు లోపే. అలాంటి వాచీలో ముళ్ళు చీకట్లో గంటల తరబడి వెలుగుతున్నాయంటే ముళ్ళు మార్చారు, లేదా పూత కొత్తగా వేశారు. సర్వీసింగ్‌లో కంపెనీయే మార్చి ఉండొచ్చు, అందులో మోసమేమీ లేదు. పెట్టుకుని తిరగడానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ పాత వాచీలు సేకరించేవాళ్ళు అసలు డయల్, అసలు ముళ్ళ కోసమే డబ్బు పెడతారు కాబట్టి ధర తగ్గాల్సిందే.

ఇక లోపలి యంత్రం. మెకానిక్ దగ్గర టైమ్‌గ్రాఫర్ అనే పరికరం ఉంటుంది. వాచీని దాని మైక్ మీద పెడితే టిక్ టిక్ శబ్దం విని, రోజుకు ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతోందో స్క్రీన్ మీద చూపిస్తుంది. చాలామంది ఆ ఒక్క అంకె చూసి సంబరపడిపోతారు. దాన్ని నిమిషాల్లో సరిచేసి చూపించవచ్చు. పక్కనే యాంప్లిట్యూడ్ అని ఇంకో అంకె ఉంటుంది. లోపలి బ్యాలెన్స్ చక్రం ఎంత బలంగా ఊగుతోందో చెప్పే అంకె అది. పూర్తిగా కీ ఇచ్చి, డయల్ పైకి ఉండేలా పెట్టినప్పుడు చాలా వాచీల్లో 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఉంటే ఆరోగ్యం. 220కి దిగితే నూనె ఎండిపోయిందో, మురికి పట్టిందో, సర్వీసింగ్‌కు వేళయినట్టే. దీన్ని దాచడం కష్టం.

సర్వీసింగ్‌కు ఒమేగా 5 నుంచి 8 ఏళ్ళు గడువు చెప్తుంది, రోలెక్స్ సుమారు 10 ఏళ్ళు అంటుంది. స్పీడ్‌మాస్టర్ లాంటి క్రోనోగ్రాఫ్‌కు, అంటే స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీకి, అయ్యే ఖర్చు మూడు ముళ్ళ మామూలు వాచీ కన్నా ఎక్కువే. మొన్ననే చేయించాం అంటే బిల్లు అడగండి. బిల్లు లేకపోతే చేయించనట్టే లెక్కేసి, ఆ ఖర్చు ధరలోంచి తీసేయండి.

పెట్టె గురించి ఎక్కువ ఆలోచించకండి, ఖాళీ పెట్టెలు విడిగా దొరుకుతాయి. సీరియల్ నంబర్ సరిపోయే వారంటీ కార్డుకు విలువుంది. చైన్‌లోంచి తీసిన లింకులు ఇస్తున్నారో లేదో మాత్రం చూసుకోండి, బంగారు చైనైతే మరీనూ.

షాపులో కొంటే ఇదే వాచీకి కొంచెం ఎక్కువ అవుతుంది. అది అన్యాయం కాదు. పరీక్షించి, సర్వీస్ చేసి, గ్యారంటీ ఇచ్చి, తేడా వస్తే బాధ్యత తీసుకుంటారు. రోలెక్స్ కూడా 2022 చివర్లో తన పాత వాచీలను సర్టిఫై చేసి, రెండేళ్ళ గ్యారంటీతో డీలర్ల ద్వారా అమ్మించడం మొదలుపెట్టింది. ఆ ధరలు మిగతా మార్కెట్ కన్నా పైనే ఉంటాయి. షాపువాళ్ళను మాత్రం ఒక ప్రశ్న అడగండి: ఏడాది తర్వాత దీన్ని మీకే తిరిగిస్తే ఎంతిస్తారు? జవాబు కచ్చితంగా రాకపోవచ్చు, కానీ ముఖం చూస్తే కొంత అర్థమవుతుంది.

ఇప్పుడు లెక్క. పాలిష్ కాని కేసు, కార్డు, ఈమధ్యే చేయించిన సర్వీసింగ్, ఇవన్నీ ఉన్న వాచీ నిజంగా 100కి అమ్ముడవుతోందనుకుందాం. మన ముందున్నదానికి గట్టిగా పాలిష్ పడింది, 10 తీసేశాం. కార్డు లేదు, ఇంకో 6. సర్వీసింగ్ చేయించాలి, 8. షాపువాళ్ళు ఏడాది గ్యారంటీ ఇస్తున్నారు, 4 కలిపాం. తేలింది 80. ఈ అంకెలు ఉదాహరణకే, మోడల్‌ను బట్టి మారతాయి. ఈ లెక్క అమ్మేవాళ్ళు నోరు తెరవకముందే కాగితం మీద వేసుకోండి. వాళ్ళ అంకె విన్నాక వేస్తే మన లెక్క మనకు తెలియకుండానే అటు జరుగుతుంది.

వాళ్ళు 84 అంటే, వాచీ నిజంగా నచ్చితే, నేను తీసేసుకుంటాను. 95 అంటే థాంక్స్ చెప్పి ఫోన్ నంబర్ ఇచ్చి వస్తాను. 50కే ఇస్తామంటే మాత్రం అక్కడ బేరం సంగతి కాదు, వాచీ ఎక్కడిదన్న సంగతి చూడాలి. పోయిన, దొంగిలించిన వాచీల సీరియల్ నంబర్లతో లండన్‌లో ది వాచ్ రిజిస్టర్ అనే సంస్థ ఒక జాబితా నిర్వహిస్తోంది. ఆ నంబర్‌ను డబ్బు ఇవ్వకముందే అక్కడ సరిచూసుకోవచ్చు. అమ్మేవాళ్ళు సీరియల్ నంబర్ ఫోటో పంపడానికి నసిగితే ఆ వాచీకి నేను 50 కూడా ఇవ్వను.

నమస్కారం.