పంక్చరు అయింది సరే, ఎన్ని కిలోమీటర్లకు?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పొద్దున్నే సైకిలు తొక్కి చెమట ఆరకముందే వచ్చి కూర్చున్న మిత్రులకు నమస్కారం. పరిచయంలో నా గురించి చెప్పిన మాటల్లో సగం అతిశయోక్తి, మిగతా సగం పాతబడ్డ సంగతులు. వాటిని వదిలేద్దాం. నాకు ఇచ్చిన సమయం అరగంట, ఇచ్చిన విషయం "ఏ రకం టైరుకు ఎంత తరచుగా పంక్చరు అవుతుంది" అన్నది. టైర్ల రకాలు, పంక్చర్ల కారణాలు, ఆ తర్వాత లెక్కలు అని మూడు భాగాలుగా రాసుకొచ్చాను. ఆ వరుసలోనే నడుస్తానని మాత్రం మాట ఇవ్వలేను.

ముందుగా మీకో ప్రశ్న. గత ఏడాది పంక్చరు అయినవారు చేతులెత్తండి. దాదాపు హాలంతా ఎత్తారు. దించకండి. ఆ టైరు మీద ఎన్ని కిలోమీటర్లు తిరిగారో చెప్పగలిగినవారు మాత్రం చేతులు అలాగే ఉంచండి. చూశారా, ఒక్కసారిగా అన్నీ దిగిపోయాయి. నా బాధంతా ఇదే. పంక్చరు అందరికీ గుర్తుంటుంది. పంక్చరు కాకుండా తిరిగిన దూరం ఎవరికీ గుర్తుండదు. భిన్నంలో పైన అంకె, అంటే పంక్చర్ల సంఖ్య, ఉంది; కింద అంకె, అంటే దూరం, లేదు. అయినా "ఆ టైరు దండగ, ఈ టైరు కొనండి" అని ఒకరికొకరం తీర్పులు చెప్పుకుంటాం.

"నాకు మూడేళ్ళుగా ఒక్క పంక్చరు కూడా కాలేదండీ" అని గర్వంగా చెప్పేవారు ప్రతి జట్టులోనూ ఒకరు ఉంటారు. వారి సైకిలు ఎక్కడుందో కనుక్కోండి. చాలాసార్లు గోడకు వేలాడుతూ ఉంటుంది.

సరే, రకాలు. వీటిని త్వరగా దాటేస్తాను, ఇక్కడున్నవారికి తెలియనివి కావు. టైరు వేరుగా, ట్యూబు వేరుగా ఉండేది క్లించర్. ట్యూబును టైరులోనే పెట్టి కుట్టేసి, మొత్తాన్ని రిమ్ముకు జిగురుతో అంటించేది ట్యూబులర్. ట్యూబు లేకుండా లోపల సీలెంటు, అంటే చిల్లు పడితే గడ్డకట్టి మూసే ద్రవం, పోసేది ట్యూబ్‌లెస్. ఇటీవలి ఏళ్ళలో పెద్ద పందేల్లో ట్యూబులర్లు తగ్గి ట్యూబ్‌లెస్‌లు పెరిగాయి. ట్యూబుల్లో మళ్ళీ బ్యూటైల్ అనే మామూలు నల్ల రబ్బరు, లేటెక్స్ అనే సహజ రబ్బరు, టీపీయూ అనే పలుచని ప్లాస్టిక్ అని మూడు రకాలు. లేటెక్స్ ట్యూబు బాగా సాగుతుంది కాబట్టి మొన తగిలినా కొంతవరకు తప్పించుకుంటుంది. కాకపోతే రాత్రి గాలి కొడితే తెల్లారేసరికి మెత్తబడుతుంది.

చరిత్రలో ఒక ముచ్చట ఉంది, చెప్పకుండా ఉండలేను. 1888లో డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన పశువైద్యుడు. ఆ తొలి టైరును రిమ్ముకు అంటించేసేవారు, పంక్చరైతే ఊడదీసి, అతికించి, ఆరబెట్టడానికి గంటలు పట్టేది. ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు విప్పదీయగలిగే టైరు తెచ్చారు. 1891లో పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్ళి తిరిగి పారిస్ చేరే పందెంలో, అంటే సుమారు 1200 కిలోమీటర్లలో, షార్ల్ టెరాన్ ఆ టైర్ల మీదే గెలిచాడు. మరుసటి ఏడాది మిషెలిన్‌వారు పారిస్ నుంచి క్లెర్మాంట్‌ఫెరాండ్‌కు తామే పందెం పెట్టి, దారిలో మేకులు చల్లించారు! మా టైరుకు పంక్చరు కాదు అని వారు అనలేదు. అయితే ఎంత తేలిగ్గా బాగుచేసుకోవచ్చో చూడండి అన్నారు. ఇప్పటి ప్రకటనల్లో ఆ నిజాయితీ కనబడదు.

ఇక కారణాలు. ఇక్కడ కాసేపు ఆగాలి. పంక్చరు అని మనం ఒకే మాట వాడతాం గానీ అందులో కనీసం నాలుగు వేర్వేరు జబ్బులున్నాయి. గాజుపెంకో, ముల్లో, తీగో బయటి నుంచి గుచ్చుకోవడం ఒకటి. గుంత అంచుకు టైరు బలంగా తగిలి, ట్యూబు రిమ్ముకూ టైరుకూ మధ్య నలిగి, పాము కాటులా పక్కపక్కన రెండు రంధ్రాలు పడటం రెండోది. రిమ్ములో చువ్వల రంధ్రాలను కప్పే టేపు జరిగి, ఆ రంధ్రం అంచు ట్యూబును కోయడం మూడోది. వాల్వు మొదట్లో చిరగడం నాలుగోది. ఈ చివరి రెండింటికీ టైరుతో సంబంధమే లేదు. అయినా తిట్లన్నీ టైరుకే!

పాము కాటుకు మందు టైరు ధరలో లేదు, వెడల్పులోనూ గాలి పీడనంలోనూ ఉంది. ఒకప్పుడు 23 మిల్లీమీటర్ల టైరులో 120 పీఎస్ఐ పీడనంతో గాలి కొట్టి, పళ్ళు కదిలేలా తొక్కేవాళ్ళం. ఇప్పుడు 28 మామూలైంది. వెడల్పు పెరిగింది అయిదు మిల్లీమీటర్లే అయినా లోపల పట్టే గాలి దాదాపు ఒకటిన్నర రెట్లు. అందుకే తక్కువ పీడనంతో కూడా రిమ్ము నేలకు తగలకుండా ఉంటుంది. ట్యూబ్‌లెస్‌లో నలగడానికి ట్యూబే లేదు.

గుచ్చుకునేవాటి సంగతి వేరు. గాజుపెంకు తగిలిన వెంటనే లోపలికి దిగదు. రబ్బరులో ఇరుక్కుని కూర్చుంటుంది. చక్రం కిలోమీటరుకు దాదాపు 475 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ రోడ్డు దాని నెత్తిన ఒక సుత్తి దెబ్బ వేస్తుంది. ఈ రోజు పంక్చరు చేసిన పెంకు మొన్నటిది కావచ్చు. వానలో ఇది మరీ ఎక్కువ. తడి వల్ల గాజు రబ్బరును సులువుగా కోస్తుంది, నీళ్ళు అంచున ఉన్న చెత్తనంతా దారిలోకి తెస్తాయి. వెనక చక్రానికే ఎక్కువ పంక్చర్లు ఎందుకంటే, బరువులో పెద్ద వాటా దానిదే. పైగా ముందు చక్రం పడుకున్న మొనను లేపి నిలబెట్టి పోతుందని కూడా అంటారు.

తీగ అన్నాను కదా. ఇక నా కథ చెప్పక తప్పదు. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, అయినా చెబుతాను.

చాలా ఏళ్ళ క్రితం మా జట్టు 200 కిలోమీటర్లకు బయలుదేరింది. కొత్త టైర్లు, కొత్త ఉత్సాహం. నలభై కిలోమీటర్ల దగ్గర వెనక చక్రంలో గాలి పోయింది. సన్నగా చినుకులు. తొందర తొందరగా టైరు లోపల చేయి తిప్పి చూశాను. ఏమీ తగల్లేదు. ట్యూబు మార్చాను. పది కిలోమీటర్లు కూడా పోలేదు, మళ్ళీ అదే చక్రం. మళ్ళీ చేయి తిప్పాను, మళ్ళీ ఏమీ లేదు. మూడోసారి మిత్రుడి ట్యూబు. నాలుగోసారి చీకటి పడింది, సొల్యూషన్ అయిపోయింది, అందరి ఓపికా అయిపోయింది. దారిన పోయే లారీ ఎక్కి ఇల్లు చేరాను. ఆ టైరును మూలకు విసిరేసి, ఆ రకం టైరు కొనవద్దని రెండేళ్ళ పాటు కనబడ్డవారికల్లా చెప్పాను. నా మాట నమ్మి కొనడం మానినవారు ఈ హాల్లో కూడా ఉన్నారు.

మా జట్టులో ఒక పెద్దాయన ఉండేవారు. ఆ టైరును తనకిమ్మన్నారు, ఇచ్చేశాను. నేను దాచుకున్న చిల్లు ట్యూబులు కూడా తెమ్మన్నారు. నాలుగింటినీ వాల్వులు ఒక వరుసకు వచ్చేలా పక్కపక్కన పరిచారు. నాలుగు రంధ్రాలూ వాల్వు నుంచి ఒకే దూరంలో ఉన్నాయి! అప్పుడు టైరును ఆ చోట వెనక్కి మడిచి, కళ్ళజోడు పైకెత్తి, పట్టకారుతో ఏదో లాగారు. వెంట్రుకంత తీగ. పేలిన లారీ టైర్లలోని ఉక్కు పోగులు రోడ్డు పక్కన రాలి ఉంటాయి, అది. "చేయి తిప్పి చూశానండీ" అన్నాను. "చేతి తొడుగు తీశావా?" అన్నారు. తీయలేదు. వానకు వేళ్ళు బిగుసుకుపోతున్నాయని తీయలేదు. "అయితే నాలుగు పంక్చర్లు కాదు నాయనా, ఒక్కటే. ఒకే పంక్చరును నాలుగుసార్లు చేసుకున్నావు" అన్నారు. ఆ టైరును పోగులు బయటపడే దాకా ఆయనే వాడారు.

ఆ తీగ ముక్క తెచ్చాను. ఇదిగో, ఈ కాగితం మడతలో ఉంది. ముందు వరుస నుంచి వెనక్కి పంపండి. ఊదకండి, ఎగిరిపోతుంది.

ఇప్పుడు చెప్పండి, ఆ రోజు నా లెక్క నాలుగా, ఒకటా? ట్యూబ్‌లెస్ వాడేవారి పరిస్థితి ఇంకా చిత్రం. చిన్న రంధ్రం పడుతుంది, సీలెంటు చిమ్ముతుంది, గడ్డకట్టి మూసుకుంటుంది, తొక్కేవాడికి తెలియనే తెలియదు. టైరు మార్చేటప్పుడు లోపల చూస్తే ఎండిన సీలెంటు మొటిమలు! ఆగకపోతే అది పంక్చరేనా? క్లించర్‌వాడు ప్రతి చిల్లునూ లెక్కిస్తాడు, ట్యూబ్‌లెస్‌వాడు ఆగినవే లెక్కిస్తాడు. రెండు అంకెల్నీ పక్కన పెట్టి పోలిస్తే ఏం తేలుతుంది? ఆ సీలెంటు కూడా కొన్ని నెలలకు ఎండిపోతుంది. పోసిన తేదీ రాసుకున్నవారెవరు? ఇప్పుడు చేతులెత్తమనను.

లెక్కల దగ్గరికి వచ్చేశాను, అంత చేదు మందు కాదు, భయపడకండి. ఒక టైరుకు సగటున 2000 కిలోమీటర్లకు ఒక పంక్చరు అనుకుందాం. ఊరికే అనుకుందాం, ఎవరూ రాసుకోకండి. నూరు మంది అదే టైరు మీద తలా 2000 కిలోమీటర్లు తొక్కితే ఏమవుతుంది? తలా ఒకటి కాదు, పంక్చర్లు యాదృచ్ఛికంగా పడతాయి కదా. సుమారు 37 మందికి ఒక్కటీ కాదు, 37 మందికి ఒకటి, మిగిలిన 26 మందికి రెండు గానీ అంతకు మించి గానీ. వారిలో ఎనిమిది మందికి మూడో, ఆపైనో. 37 మంది ఆ టైరును నెత్తిన పెట్టుకుంటారు. ఆ ఎనిమిది మంది నాలాగా రెండేళ్ళు ఊరంతా తిట్టుకుంటూ తిరుగుతారు. టైరు ఒకటే! 1898లో బోర్ట్‌కీవిచ్ అనే గణాంక శాస్త్రవేత్త, ప్రష్యా అశ్వికదళంలో గుర్రం తన్ని చనిపోయినవారి సంఖ్యలు ఏడాదికేడాది మారడం కూడా ఇదే సూత్రానికి ఒదుగుతుందని చూపాడు. ఒక దళంలో ఎక్కువ మంది చనిపోతే అక్కడి గుర్రాలు పొగరుబోతువని అర్థం కాదు.

నా పంక్చర్లు రాసుకున్న పుస్తకంలోని అంకెలు చదవమని నిర్వాహకులు అడిగారు. చదవను. నా బరువు, నా దారి, నేను కొట్టే గాలి, నా టైరు అరుగుదల, అన్నీ ఆ అంకెల్లో కలిసి ఉన్నాయి. మందపాటి రక్షణ పొర ఉన్న టైరుకు తక్కువ పంక్చర్లు అవుతాయా అంటే, అవుతాయి. ష్వాల్బే కంపెనీ టైరు మారథాన్ ప్లస్‌లో ఆ పొర అయిదు మిల్లీమీటర్లు. కానీ ఆ జాతి టైరు రేసు టైరుకు రెండు మూడు రెట్ల బరువు, తొక్కుతుంటే కాళ్ళకు తెలుస్తుంది. అరిగిపోయిన ఖరీదైన టైరు కన్నా కొత్త మామూలు టైరు మేలని కూడా చెబుతాను. అంతకు మించి నా నుంచి అంకె రాదు. మీ సైకిలు సంచిలో చిన్న కాగితం పెట్టుకోండి. తేదీ, టైరు మీద తిరిగిన దూరం, ఏ చక్రం, వానా ఎండా, రంధ్రం ట్యూబుకు టైరు వైపా రిమ్ము వైపా, ఏం దొరికింది. వచ్చే సమావేశానికి అవి పట్టుకురండి, అప్పుడు మాట్లాడుకుందాం.

అధ్యక్షులవారు లేచి నిలబడ్డారు, సరే. ఒక్క మాట. ఆ కాగితం మడత ఇంకా నా దగ్గరికి రాలేదు. ఎవరి దగ్గరుంది? వెనక వరుసలో? ఖాళీ కాగితమా? అయితే తలుపు పక్కన సైకిళ్ళు నిలిపినవారు దయచేసి ఎవరూ వాటిని కదపకండి.