ముందుగా చెప్పండి

శ్రోతలకు నమస్కారం.

యుద్ధంలో చిక్కుకున్న మామూలు జనం గురించి, ఇల్లూ ఊరూ వదిలి ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళ మనసు గురించి మాట్లాడమని నన్ను అడిగారు. విషయం చాలా పెద్దది. 2024 చివరికి ప్రపంచం మొత్తం మీద హింసకు, యుద్ధానికి భయపడి ఇల్లు వదిలినవాళ్ళు 12 కోట్లు దాటారని ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ లెక్క తేల్చింది. సూడాన్, ఉక్రెయిన్, గాజా పేర్లు రోజూ వార్తల్లో వింటున్నారు. ఆ లెక్కలు చదువుకుంటూ పోతే నాకిచ్చిన సమయం వాటికే చాలదు. అందుకని ఒక్క మనిషి గురించి చెబుతాను.

మాది తాళ్ళరేవు దగ్గర, కోరంగి వైపు, కాలవ ఒడ్డున ఒక ఊరు. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఒక పెద్దావిడ ఉండేవారు. వీధిలో పిల్లలందరం ఆవిడను రంగం మామ్మ అని పిలిచేవాళ్ళం. రంగం అంటే బర్మా దేశంలోని రంగూన్. వందేళ్ళ కిందట మన డెల్టా జనం కాకినాడ రేవులో ఓడలెక్కి అక్కడికి కూలికి వెళ్ళేవారు. ఓడల్లో బస్తాలు మోసేవారు, బియ్యం మిల్లుల్లో, కలప మిల్లుల్లో పనిచేసేవారు. మామ్మ భర్త కూడా అలా బియ్యం మిల్లులో పనికి వెళ్ళినవాడే. పెళ్ళయ్యాక ఆవిడ కూడా ఓడెక్కారు. పిల్లలు అక్కడే పుట్టారు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రెండు రోజులు తిరగకుండా, క్రిస్మస్ నాడు, మళ్ళీ వచ్చి వేశాయి. డబ్బున్నవాళ్ళు ఓడ టిక్కెట్లు కొనుక్కున్నారు. లేనివాళ్ళు నడిచారు. నాలుగైదు లక్షల మంది భారతీయులు ఆ కొన్ని నెలల్లో బర్మా విడిచి వచ్చారని చరిత్రకారుల అంచనా. అడవులు, కొండలు, కలరా, మలేరియా. వేల మంది దారిలోనే పోయారు. మామ్మ వాళ్ళు ప్రోమ్ నుంచి తౌంగప్ దాకా కొండదారిన నడిచారు. వంద మైళ్ళకు పైగా నడక, చాలాచోట్ల గొంతు తడుపుకోవడానికి నీళ్ళుండవు. బయలుదేరినప్పుడు వాళ్ళకు ఇద్దరు పిల్లలు. సముద్రం ఒడ్డుకు చేరేసరికి ఒక్కడే మిగిలాడు.

అరకాన్ తీరం వెంట పడవల్లో, తర్వాత స్టీమరులో, తర్వాత రైల్లో మార్చి నెలలో సొంత ఊరు చేరారు. అమ్మయ్య అనుకున్నారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, మన కాకినాడ మీద బాంబులు వేశాయి. ఎక్కడి నుంచి పారిపోయి వచ్చారో ఆ విమానాలే వెంట వచ్చినట్లయింది.

ఇదంతా ఆవిడ మాకు చెప్పినది కాదు. ఎప్పుడూ చెప్పలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఆవిడ కోడలు మా అమ్మతో అంటుంటే నేను విన్నాను. మాకు కనిపించినది వేరు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆ ఇంట్లో బిందెలు, చెంబులు, గిన్నెలు, ఆఖరికి పిల్లల పాల గ్లాసులతో సహా అన్నీ నీళ్ళతో నిండి ఉండాలి. గుమ్మం ముందు కాలవ పారుతోంది, పెరట్లో నుయ్యి ఉంది. అయినా నింపాలి. కోడలు కొత్తలో విసుక్కునేదట. తర్వాత తనే కొంగు బిగించి అత్తగారితో పాటు నింపేది. ఎందుకని అడగలేదు. నింపింది, అంతే.

రెండోది మిల్లు కూత. మా ఊళ్ళో ఉప్పుడు బియ్యం మిల్లు ఉండేది. పొద్దున్నే పని మొదలయ్యే వేళకు బాయిలర్ దగ్గర కూత వేసేవారు. ఊరంతా ఆ కూతకే లేచేది. ఒక ఉదయం మా తమ్ముడు, రెండేళ్ళవాడు, మామ్మ ఇంటి అరుగు మీద ఆడుకుంటున్నాడు. కూత మోగింది. మామ్మ వాణ్ణి ఎత్తి చంకన వేసుకుని కాలవ గట్టు వెంట పరుగు తీశారు. చెప్పులు లేవు, పైట జారిపోతోంది, ఎవరు పిలిచినా వినిపించుకోవడం లేదు. వీధి వీధంతా బయటికి వచ్చేసింది. మా అమ్మ వెనకాల వెళ్ళింది. అమ్మ పరుగెత్తలేదు, నడిచి వెళ్ళింది. గట్టు మీద చింతచెట్టు దగ్గర ఆవిడ ఆగి ఆయాసపడుతుంటే పక్కన చతికిలబడింది. పిల్లవాణ్ణి లాక్కోలేదు. "అత్తయ్యగారూ, అది మన మిల్లు కూత. మనం ఊళ్ళోనే ఉన్నాం. కాసేపు కూర్చుని వెళ్దాం" అన్నది. కూర్చున్నారు. కాసేపటికి మామ్మే వాణ్ణి అమ్మ ఒళ్ళో పెట్టారు. ఇద్దరూ ఇంటికి వచ్చారు. ఆ రోజు గురించి మా వీధిలో ఎవరూ ఆవిడ ముందు ఎత్తలేదు.

ఇక్కడి నుంచి చెప్పేదే నాకు చాలా ఇష్టమైన భాగం. మిల్లులో కూత వేసే ఆయన మామ్మకు వరసకు తమ్ముడు. సంగతి ఆయనకు తెలిసింది. మర్నాటి నుంచి పనిలోకి వెళ్తూ మామ్మ గుమ్మం ముందు సైకిల్ ఆపి గంట మోగించేవాడు. "అక్కా, వెళ్తున్నా" అనేవాడు. అంతే. మామ్మ చేతిలో పని పక్కన పెట్టి, అరుగు మీద స్తంభం పట్టుకుని కూర్చునేవారు. కొంతసేపటికి కూత మోగేది. ఆవిడ కళ్ళు మూసుకునేవారు, కూత ఆగేది, లేచి పనిలో పడేవారు. ఆయన మిల్లు పని మానేసేదాకా రోజూ ఇదే జరిగింది. పండగ లేదు, వాన లేదు. సైకిల్ గంట, తర్వాత కూత.

కూత ఆగలేదు, గమనించారా? భయం కూడా పోలేదు. కానీ ఏం రాబోతోందో ఆవిడకు ముందుగా తెలుసు. మళ్ళీ చెబుతున్నాను, ముందుగా తెలుసు. నేను వైద్యం చదివి, మనసు జబ్బుల వైద్యురాలిగా ఇన్నేళ్ళు పనిచేశాక కూడా, ఆ సైకిల్ గంట కంటే మంచి మందు ఎన్నోసార్లు రాశానని చెప్పలేను.

ఆవిడకు జరిగినదేమిటో నాలుగు మాటల్లో చెబుతాను. ప్రాణాపాయం కలిగినప్పుడు శరీరం అలారం మోగిస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, పరుగెత్తే సత్తువ వస్తుంది. అపాయం తప్పాక ఆ అలారం ఆగాలి. కొందరిలో ఆగదు. ఏరు తీసినా గట్టు మీద కాపలా మానని మనిషిలా, అది లోపల మేలుకునే ఉంటుంది. చప్పుడు, వాసన, చీకటి, ఏదైనా దాన్ని కదిలిస్తుంది. నిద్ర పట్టదు, పీడకలలు వస్తాయి, చిన్నదానికే కోపం వస్తుంది, నలుగురిలోకి వెళ్ళబుద్ధి కాదు. ఇప్పుడు వాడుతున్న పీటీఎస్‌డీ అన్న పేరుతో వైద్యులు దీన్ని ఒక జబ్బుగా గుర్తించింది 1980లో. అప్పటికి మామ్మ రంగం వదిలి నలభై ఏళ్ళు కావస్తోంది.

డెల్టాలో మనకు ఇది బొత్తిగా తెలియనిదేమీ కాదు. 1996 నవంబరు 6 తుపాను తర్వాత కోనసీమలో ఎంతమంది గాలి హోరు వింటే ఒణికిపోయేవారో ఆనాటివాళ్ళు చెబుతారు. కాకపోతే తుపానుకు మన మీద పగ లేదు. యుద్ధం మనుషులు మనుషులకు చేసేది. అందుకే యుద్ధం చూసి వచ్చినవాళ్ళు మనిషిని నమ్మడానికే జంకుతారు. నా అనుభవంలో ఆ నమ్మకం తిరిగి రావడమే అన్నిటికంటే ఆలస్యం.

అందరూ జబ్బుపడతారని అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన అంచనా ప్రకారం, యుద్ధం నలిపేసిన ప్రాంతాల్లో బతికే ప్రతి ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుంది. బాధ, భయం, నిద్ర లేకపోవడం మొదట్లో దాదాపు అందరికీ ఉంటాయి. తిండి, నిద్ర, నీడ, అయినవాళ్ళ క్షేమం తెలిస్తే చాలామందిలో వాటంతటవే తగ్గుముఖం పడతాయి. కానీ ఆ తిండీ నీడా కుదరాలి కదా! మామ్మ నడిచిన అరకాన్‌నే ఇప్పుడు రఖైన్ అంటున్నారు. 2017 ఆగస్టు తర్వాత అక్కడి నుంచి ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌లోకి వచ్చారు. అక్కడి శిబిరాల్లో రోహింగ్యాలను అడిగి చూసిన పరిశోధకులకు తేలినదేమిటంటే, చూసిన హింసతో పాటు చాలీచాలని తిండి, శిబిరం దాటి వెళ్ళే స్వేచ్ఛ లేకపోవడం, రేపేమవుతుందో తెలియకపోవడం కూడా మనసును కుంగదీస్తాయని. పాత గాయం మానాలంటే ఇవాళ్టి బతుకు కుదుటపడాలి. ఇది నేను గట్టిగా నమ్ముతాను.

మన ఊళ్ళ సంగతికి వస్తాను. డెల్టాలో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు లక్షకు పైగా భారతీయులను జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో తీసుకువచ్చారు. వాళ్ళలో మన ఆడవాళ్ళు, మగవాళ్ళు ఉన్నారు. 2022లో ఉక్రెయిన్ నుంచి వైద్య విద్యార్థులు వచ్చారు. నేలమాళిగల్లో, మెట్రో స్టేషన్లలో రాత్రులు గడిపి వచ్చిన పిల్లలు. 2025 జూన్‌లో ఖతర్ మీదికి క్షిపణులు వచ్చిన రాత్రి, అమలాపురం నుంచి నర్సాపురం దాకా ఎన్ని ఇళ్ళలో ఫోను పట్టుకుని కూర్చున్నారో మీకే తెలుసు.

అలా వచ్చినవాళ్ళను మనం మొదట అడిగేది ఏమిటి? "ఏం చూశావు? బాంబులు దగ్గరగా పడ్డాయా?" చుట్టాలు వరసగా వచ్చి అదే అడుగుతారు, అదే మళ్ళీ చెప్పిస్తారు. జరిగినదంతా బలవంతంగా చెప్పించడం వల్ల మేలు జరగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. ఇంకొందరు "పోనీలే, మరచిపో" అంటారు. అదీ వద్దు. మరచిపోవడం చేతిలో ఉంటే ఎప్పుడో మరచిపోయేవాళ్ళు. ఇంకో ప్రశ్న ఉంది, "ఎంత తెచ్చావు?" వీసా కోసం చేసిన అప్పు, తాకట్టులో ఉన్న పుస్తెలతాడు ఆ మనిషికి క్షణం కూడా మరపుకు రాదు. ఆ ప్రశ్న అడగకుండా ఉండటానికి మనకు ఖర్చేమీ లేదు. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి, మధ్యలో అడ్డుపడకండి, చెప్పకపోతే ఊరుకోండి. బ్యాంకు కాగితాలకు తోడు వెళ్ళండి.

మరీ ముఖ్యంగా, ముందుగా చెప్పండి. దీపావళికి ఎదురింట్లో బాణసంచా కాలుస్తారా? "ఏడు గంటలకు మొదలుపెడతారు, ఎనిమిదికి అయిపోతుంది. ఇంట్లో ఉంటావా, పిన్ని వాళ్ళింటికి వెళ్దామా?" అని పొద్దున్నే అడగండి. ఊళ్ళో ప్రభల తీర్థం ఉందా, పెళ్ళి ఊరేగింపు వస్తోందా? ముందుగా చెప్పండి. నిద్రపోతున్న మనిషిని తట్టి లేపకండి, కాస్త దూరం నుంచి పేరు పెట్టి పిలవండి. గదిలో దీపం ఆర్పేముందు చెప్పండి. పిల్లలకు కూడా నేర్పండి. వాళ్ళు ఇట్టే నేర్చుకుంటారు. ఉండటమో వెళ్ళడమో వాళ్ళనే నిర్ణయించుకోనివ్వండి. యుద్ధం వాళ్ళ చేతిలో నుంచి లాక్కున్నది ఆ నిర్ణయాన్నే.

నిద్రమాత్రలు సొంతంగా కొని ఇవ్వకండి. తాగితే నిద్ర పడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి, తర్వాతి బాధ రెండింతలవుతుంది. నెల దాటాక కూడా నిద్ర కుదరకపోయినా, పనిలోకి వెళ్ళలేకపోయినా, అదే దృశ్యం పదేపదే కళ్ళ ముందుకు వస్తున్నా వైద్యుల దగ్గరికి తీసుకువెళ్ళండి. మాటలతో చేసే చికిత్సలు ఉన్నాయి, బాగా పనిచేస్తాయి. అవసరమైతే మందులూ ఉన్నాయి. బతకాలని లేదన్న మాట నోట వస్తే మాత్రం నెలాళ్ళు ఆగకండి, ఆ రోజే కదలండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి.

ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే ఒక ఫోను నంబరు ఉంది. టెలిమానస్ అని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించింది. డబ్బు తీసుకోరు, పగలైనా రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. బాధపడుతున్న మనిషే చేయాలని లేదు. అమ్మ చేయవచ్చు, అన్న చేయవచ్చు, "మా ఇంట్లో ఒకరు ఇలా ఉన్నారు, మేమేం చేయాలి?" అని అడగవచ్చు. కాగితం, పెన్సిలు తీసుకోండి. 14416. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. మళ్ళీ చెబుతున్నాను, 14416. గల్ఫ్ నుంచి మనిషి రావలసిన ఇల్లు మీ వీధిలో ఉంటే, వాళ్ళకు కూడా రాసి ఇవ్వండి.

నమస్కారం.