పైన మూడోది, దాంట్లో రెండోది

వేదిక మీది పెద్దలకూ, కెమెరా బ్యాగులు ఒళ్లో పెట్టుకు కూచున్న మీకూ నమస్కారం. పెద్దల పేర్లు చదవమని చీటీ ఇచ్చారు. చదివితే నా పది నిమిషాలూ అక్కడే హరీ అంటాయి, మన్నించాలి. ఇవాళ ఆగస్టు 19. 1839లో ఇదే రోజున ఫ్రెంచి ప్రభుత్వం డగేరోటైపు అనే తొలినాటి ఫొటో పద్ధతిని లోకానికి ధారపోసింది కాబట్టి మనకీ సభ, ఈ శాలువాలు.

నాకిచ్చిన అంశం ఫొటోషాప్‌లో భాష మారిపోతే ఏం చెయ్యాలని. నా అనుభవం చెప్తాను.

ఓడ మీద పనిచేసే కస్టమర్ ఒకాయన తన పాత ల్యాప్‌టాప్ నాకు అమ్మాడు. తెరిస్తే ఫొటోషాప్ నిండా రష్యన్. కౌంటర్ దగ్గర ఒక పిల్ల, పరీక్ష ఫారానికి ఫొటో, ఆఖరి తేదీ ఆవేళే. నాకు చెమటలు. మెనూలో మొదటి మాటకేసి గుడ్లప్పగించి చూశాను. అది ‘ఫైల్’ అనే చదవాలట, తర్వాత తెలిసింది!

మా కుర్రాడున్నాడు, భీమిలి వైపువాడు, ఏడుతో చదువాపేశాడు. నన్ను పక్కకి జరగమని కూచున్నాడు. పైన మూడోది, దాంట్లో రెండోది, పక్కన మళ్లీ రెండోది. వెలుగునీడలు సరిచేసే లెవెల్స్ తెరుచుకుంది. మొహం తేటపరిచి, ఎనిమిది కాపీలు పేర్చి, ప్రింట్ కొట్టేశాడు.

“ఒరే, నీకు రష్యనెలా వచ్చురా?”

“ఏటి గురువుగారూ, నాకు ఎప్పుడూ ఇలాగే కదేటి.”

మరోసారి వినండి. ఎప్పుడూ ఇలాగే! ఆరేళ్లు నా పక్కన కూచుని, తనకి చదవడం రాని తెర మీద పెళ్లి ఆల్బమ్‌లన్నీ డిజైన్ చేశాడు. నేనేమో వాడికి ఇంగ్లీషు వచ్చనుకున్నాను.

సరే, మందు చెప్పాలి కదా. కంట్రోల్ కె నొక్కండి. ఎడమ పట్టీలో రెండోది ఇంటర్‌ఫేస్. అందులో కింద యూఐ లాంగ్వేజ్. మార్చి, మూసి తెరవండి. అక్కడ ఒకే భాష కనిపిస్తే రెండోది మీ మిషన్లో లేనట్టు. ఫొటోషాప్‌ని ఎక్కించే యాప్ క్రియేటివ్ క్లౌడ్ ఉంది కదా, దాని ప్రిఫరెన్సెస్‌లో యాప్స్ దగ్గర ఇన్‌స్టాల్ భాష మార్చి, ఫొటోషాప్ మళ్లీ ఎక్కించుకోవాలి. ఫొటోషాప్ లాంటిదే, ఉచితంగా దొరికే జింప్ అయితే ఎడిట్, ప్రిఫరెన్సెస్, ఇంటర్‌ఫేస్. అక్కడే లాంగ్వేజ్.

ఫొటోషాప్ భాషల పట్టీలో తెలుగు లేదు. ఉంటే బాగుండునని నేనూ అనుకునేవాణ్ణి, ఒక ఫోన్ యాప్‌లో తెలుగు మెనూ చూసేదాకా. ఫొటో అంచులు కత్తిరించే క్రాప్ అన్నచోట ‘పంట’ అని ఉంది. పంట! నవ్వకండి. ఆ మాట వేసినవాడు ఒక్కనాడైనా స్టూడియోలో స్టూలెక్కాడా? మనం క్రాప్ కొట్టు అంటాం, లేయర్ వెయ్యి అంటాం, ఫెదర్ పెట్టు అంటాం. తెలుగు లిపిలో ‘క్రాప్’ అని రాస్తే చాలు, మావాడు చదువుకుంటాడు. జింప్‌ని ఏ భాషలోకైనా దించేది స్వచ్ఛందంగా పనిచేసే మనుషులే. మీలో కంప్యూటర్ కోర్సు పిల్లలెవరైనా ఉంటే చేతులెత్తండి... నలుగురు. చాలు. ఆ మాటలకి పట్టీ రాసేటప్పుడు మా షాపుకి రండి, జగదాంబ దగ్గరే. మాట మాటకీ మావాణ్ణి అడిగి రాయండి, నన్ను కాదు.

వాడిక్కడే ఉన్నాడు, వెనక వరసలో. ఒరే, ఒకసారి లేవరా... లేవడు. తల దించుకున్నాడు. సరే, వదిలేద్దాం. టీ వచ్చినట్టుంది, భాష ఇరుక్కున్నవాళ్లు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని వాడి దగ్గరికే వెళ్లండి.